బీఫారం లేని అభ్యర్థి వెనక నిలబడాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బీఫారం అంటే పార్టీ తన అభ్యర్థికిచ్చే అధికార పత్రం. అది లేకుండా, ఏ పార్టీ తరఫునా కాకుండా అసెంబ్లీకో లోక్‌సభకో నిలబడేవారికి మామూలు ఓటర్లుగా ఎలా తోడ్పడాలని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ఇవి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. డిపాజిట్లు, ఖర్చు పరిమితులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వర్తించేవి.

ప్రశ్న: మా మండలంలో అందరూ గౌరవించే రిటైర్డ్ హెడ్మాస్టరుగారు అసెంబ్లీకి ఇండిపెండెంటుగా నిలబడతానంటున్నారు. మేమొక పదిహేను మందిమి చందాలు వసూలు చేద్దామనుకుంటున్నాం. ముందుగా ఎంత పోగు చెయ్యాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చందా పుస్తకం పక్కన పెట్టి ఓటర్ల జాబితా ముందేసుకోండి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి నామినేషన్ పత్రం మీద ఒక్క ప్రతిపాదకుడి సంతకం చాలు. ఇండిపెండెంటుకు పదిమంది కావాలి. ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. తెనాలిలో కొట్టు పెట్టుకుని ఓటు మాత్రం వేమూరు నియోజకవర్గంలో ఉన్నవారి సంతకం, ఆయన ఎంత పెద్దమనిషైనా, పనికిరాదు.

సంతకం పక్కన ఆ ఓటరు పార్టు నంబరు, వరస నంబరు రాయాలి. ఎక్కువ తప్పులు ఇక్కడే పడతాయి. జాబితా సవరించినప్పుడల్లా వరస నంబర్లు మారతాయి, పోలింగ్ కేంద్రాలను విడగొడితే పార్టు నంబర్లూ మారతాయి. పోయిన ఎన్నికల ఓటరు స్లిప్పు చూసి నంబరు ఎక్కిస్తే తప్పు పడుతుంది. చిన్నా చితకా రాతతప్పుల మీద నామినేషన్ కొట్టెయ్యకూడదని చట్టంలోనే ఉంది, నిజమే. కానీ ఆ మనిషిని జాబితాలో పోల్చుకోవడమే కష్టమైతే అది చిన్న తప్పు కాదని అవతలివాళ్లు వాదిస్తారు. కాబట్టి తాజా జాబితాను రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్ నుంచి పోలింగ్ కేంద్రాల వారీగా దించుకుని, ప్రింటు తీసి, ఒక్కొక్క పేరూ అందులో చూసి రాయండి. గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులకు ఈ జాబితా ఉచితంగా ఇస్తారు, ఇండిపెండెంటుకు ఆ సౌకర్యం లేదు. వేలిముద్ర వేసేవారుంటే వారు రిటర్నింగ్ అధికారి (నియోజకవర్గంలో ఎన్నిక నడిపే అధికారి) ముందుగానీ, అందుకు అధికారం ఉన్న మరో అధికారి ముందుగానీ వెయ్యాలి. ఇంట్లో వేయించుకొచ్చిన వేలిముద్ర చెల్లదు.

ఒక అభ్యర్థి ఒక నియోజకవర్గంలో నాలుగు నామినేషన్ సెట్లు వెయ్యొచ్చు. నాలుగూ వెయ్యండి. నాలుగింటికీ అదే పదిమందిని వాడకుండా, సెట్టుకు పదిమంది చొప్పున నలభై మంది వేరువేరు ఓటర్ల చేత సంతకాలు పెట్టించండి. 2024లో సూరత్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి ప్రతిపాదకులు ఆ సంతకాలు తమవి కావని అఫిడవిట్లు ఇవ్వడంతో నామినేషన్ పోయింది. మిగతావారు కూడా తప్పుకోగా బీజేపీ అభ్యర్థి పోలింగే లేకుండా గెలిచారు. అంత పెద్ద పార్టీకే ఆ గతి పట్టినప్పుడు, ఇండిపెండెంటు సెట్టులో పదిమందిలో ఒక్కరు బెదిరింపుకో బుజ్జగింపుకో వెనక్కి తగ్గినా ఆ సెట్టు పోయినట్టే. సంతకం పెట్టేవారికి ముందే చెప్పండి: మీ పేరు బయటికొస్తుంది, ఎవరో ఒకరు మీ ఇంటికి వస్తారు, అప్పుడూ మాట మీద నిలబడగలిగితేనే పెట్టండి అని. సంతకాలు అభ్యర్థి సమక్షంలో పెట్టించి, వారి ఓటరు కార్డు జిరాక్సు ఒకటి దగ్గర ఉంచుకోండి.

ఇక డబ్బు. అసెంబ్లీకి డిపాజిట్ 10,000 రూపాయలు, లోక్‌సభకు 25,000. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగమే, జనరల్ స్థానంలో నిలబడినా సరే, కుల ధ్రువపత్రం జతచెయ్యాలి. నాలుగు సెట్లు వేసినా డిపాజిట్ ఒక్కటే. నగదుగా రిటర్నింగ్ అధికారికి కట్టొచ్చు, ట్రెజరీ చలానా అయినా తేవచ్చు. చెక్కు తీసుకోరు. మొదటి విడతలో మీకు కావాల్సింది ఈ సొమ్ము, నోటరీ ఖర్చు, జాబితా ప్రింట్లకయ్యే ఖర్చు. అంతకంటే పెద్ద మొత్తం ఇప్పుడే పోగుచేసి ఇంట్లో పెట్టుకోవడం అనవసరమైన తలనొప్పి.

నోటిఫికేషన్ వచ్చాక నామినేషన్లకు ఏడు రోజుల గడువు ఉంటుంది, రోజూ ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా. చివరి రోజు పెద్దపార్టీల ఊరేగింపులతో దారులు నిండిపోతాయి. మొదటి రెండు మూడు రోజుల్లోనే ఒక సెట్టు వేసెయ్యండి. లోపముంటే రెండో సెట్టులో దిద్దుకోవచ్చు. అభ్యర్థితో పాటు నలుగురినే లోపలికి రానిస్తారు, పదిమంది ప్రతిపాదకులూ వెళ్లనక్కర్లేదు.

ప్రశ్న: స్క్రూటినీలో (నామినేషన్ల పరిశీలనలో) ఇండిపెండెంట్ల నామినేషన్లే ఎక్కువగా పోతాయంటారు. కావాలని చేస్తారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కావాలని చేసినవీ ఉండొచ్చు. కానీ కాగితం సరిగా ఉంటే కావాలనుకున్నా కొట్టెయ్యడం కష్టం. సంతకాల సంగతి పైన చెప్పాం. మిగిలినవాటిలో ముఖ్యమైనది ఫారం 26 అఫిడవిట్. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, గత ఐదేళ్ల ఆదాయపు పన్ను వివరాలు, సోషల్ మీడియా ఖాతాలతో సహా అన్నీ రాయాలి. మనకేమీ లేదు కదా అని గడి ఖాళీగా వదిలెయ్యడం మనవాళ్లకు అలవాటు. ఏమీ లేకపోతే ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాసి తీరాలి. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఖాళీలున్న అఫిడవిట్‌పై అధికారి నోటీసు ఇస్తారు, స్క్రూటినీ సమయానికి పూర్తిగా నింపిన కొత్త అఫిడవిట్ ఇవ్వకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చు. నామినేషన్ వెయ్యగానే అధికారి ఒక చెక్‌లిస్టు ఇస్తారు. ఏ కాగితం ఇచ్చారు, ఏది బాకీ ఉంది అన్నది అందులో ఉంటుంది. జేబులో మడిచి పెట్టుకోకుండా దాన్ని ఆ రాత్రే చదవండి.

రెండోది ప్రమాణం. నామినేషన్ వేసిన తరువాత, స్క్రూటినీ తేదీ రాకముందే రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని అధికారి ముందు ప్రమాణం చెయ్యాలి. స్క్రూటినీ రోజు ఉదయం వెళ్లి చేస్తానంటే కుదరదు. నామినేషన్ ఇచ్చిన వెంటనే అక్కడే చేసేస్తే సరి.

అభ్యర్థి ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే, అక్కడి జాబితా ధ్రువీకృత ప్రతి తెచ్చి చూపాలి. అసెంబ్లీకి నిలబడాలంటే అదే రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా సరిపోతుంది, కానీ ఆ ప్రతి లేకపోతే సరిపోదు. ఇది మర్చిపోయి పోగొట్టుకున్న నామినేషన్లు తక్కువేం కాదు.

గడువులోగా పోటీ నుంచి తప్పుకోవడానికి ఇచ్చే ఫారం 5ను అభ్యర్థే ఇవ్వాలని లేదు. ఆయన రాతపూర్వకంగా అధికారమిస్తే ప్రతిపాదకుడో ఎలక్షన్ ఏజెంటో (ఎన్నిక పనులకు అభ్యర్థి తన తరఫున నియమించుకున్న మనిషి) ఇవ్వొచ్చు, ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. అందుకని అభ్యర్థి సంతకంతో ఖాళీ కాగితాలు ఎవరి చేతిలోనూ ఉండనివ్వకండి. ఎంత దగ్గరివారైనా సరే.

ప్రశ్న: మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. మా ఊరి ఇండిపెండెంటుకు రెండు లక్షలు పంపుతానంటున్నాడు. వాడి స్నేహితులు ఇంకొందరు కూడా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? పన్ను మినహాయింపు వస్తుందా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ముందు తమ్ముడి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పౌరుడిగానే ఉంటే, తన సొంత సంపాదనను మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే కార్డు) మీద ఉన్నవారి డబ్బు మాత్రం విదేశీ విరాళమే. ఎన్నికల్లో నిలబడే అభ్యర్థి విదేశీ విరాళం తీసుకోవడం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ప్రకారం నిషేధం. పదిమంది స్నేహితుల డబ్బు ఒకరి ఖాతాలో కలిపి పంపడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, అందులో ఎవరు పౌరులో ఎవరు కారో తరువాత తేల్చలేరు. ఒక్కొక్కరు తమ పేరుతోనే పంపాలి. ఓసీఐ మిత్రులు చెయ్యగలిగింది ఊళ్లో ఉన్న తమ బంధువులకు ఫోన్ చేసి మాట్లాడటం. నిజానికి మన పల్లెల్లో అమెరికా నుంచి వచ్చే రెండు లక్షలకన్నా అమెరికా నుంచి వచ్చే ఫోనుకే విలువెక్కువ.

డబ్బు చేరాల్సింది ఎన్నికల ఖర్చు కోసం ప్రత్యేకంగా తెరిచిన బ్యాంకు ఖాతాలోకే. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు దాన్ని తెరవాలి. అభ్యర్థి పేరు మీదగానీ, అభ్యర్థి, ఎలక్షన్ ఏజెంటు కలిసిగానీ ఉండొచ్చు. భార్యతోనో కొడుకుతోనో జాయింటు ఖాతా, వాళ్లు ఏజెంటు కాకపోతే, పనికిరాదు. ఒక వ్యక్తి నుంచి నగదుగా 10,000 రూపాయలు మించి తీసుకోకూడదు. ఒకరికి మొత్తం ఎన్నికల కాలంలో నగదుగా 10,000 మించి చెల్లించకూడదు. షామియానా అతనికి రోజుకు నాలుగు వేల చొప్పున మూడు రోజులు నగదు ఇస్తే పరిమితి దాటినట్టే. ఎవరెవరు ఎంతిచ్చారో పేర్లతో సహా లెక్కల్లో చూపాలి కాబట్టి, మొదటి రూపాయి నుంచీ పేరు, చిరునామా, తేదీతో రసీదు రాయండి. ‘ఒక అభిమాని’ అని రాస్తే ఒప్పుకోరు.

పన్ను మినహాయింపు లేదు. ఆ వెసులుబాటు రాజకీయ పార్టీలకు, ఎలక్టోరల్ ట్రస్టులకు ఇచ్చే విరాళాలకే ఉంది, వ్యక్తికి ఇచ్చేదానికి కాదు. పైగా బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50,000 దాటి ఉచితంగా అందిన సొమ్మును ఆదాయంగా లెక్కగట్టే నిబంధన ఉంది, ఇండిపెండెంటు అభ్యర్థికి దాని నుంచి ప్రత్యేక మినహాయింపేమీ లేదు. పార్టీలకు ఈ బాధ లేదు. పెద్ద మొత్తాలు వచ్చేలా ఉంటే నామినేషన్‌కు ముందే ఆడిటర్‌ను కలవండి.

ప్రశ్న: లెక్కలు ఎవరు రాస్తారు? ఓడిపోయాక కూడా ఇవ్వాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇవ్వాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వకపోతే మూడేళ్లపాటు పోటీకి అనర్హుణ్ని చేస్తారు. ఓడిన బాధలో జట్టు చెదిరిపోయి ఈ ఒక్క పని ఎవరికీ పట్టకపోవడం వల్ల అనర్హుల జాబితాలోకి ఎక్కేవారిలో ఇండిపెండెంట్లే ఎక్కువగా కనిపిస్తారు. ఎన్నికలైపోయిన తరువాత ఆ నెలరోజులు కూడా పనిచేసే మనిషిని ముందే ఒప్పించుకోండి. కిరాణా కొట్టు గుమస్తాగానో సహకార సంఘంలోనో పనిచేసి రోజువారీ చిట్టా రాసిన అనుభవం ఉన్నవారు దీనికి సరిగ్గా సరిపోతారు.

అధికారులు ఇచ్చే రిజిస్టరులో మూడు భాగాలుంటాయి: రోజువారీ ఖర్చుకు తెల్ల కాగితాలు, నగదుకు గులాబీ, బ్యాంకుకు పసుపు. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు తనిఖీకి తీసుకెళ్లాలి. వెళ్లకపోతే నోటీసు వస్తుంది, వాహనాల అనుమతులు కూడా రద్దు చెయ్యొచ్చు. అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు పరిమితి, మీ అభ్యర్థి దాని దరిదాపుల్లోకి వెళ్లకపోవచ్చు. అయినా ఉచితంగా వచ్చినవాటికీ విలువ కట్టి రాయాలన్నది మర్చిపోకండి. ఎవరో తన ఆటో మూడు రోజులు తిప్పితే, జిల్లా ఎన్నికల అధికారి ప్రకటించిన రేట్ల పట్టిక ప్రకారం దాని కిరాయి లెక్కలో చూపాలి. ఆ పట్టికలో టీ నుంచి బిర్యానీ దాకా, కుర్చీ నుంచి మైకు దాకా అన్నిటికీ ధర ఉంటుంది. మొదటి రోజే తెచ్చుకుని గోడకు అంటించుకోండి.

ప్రశ్న: నాకు నచ్చిన ఇండిపెండెంటు కోసం నా సొంత డబ్బుతో కరపత్రాలు వేయించి, ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇద్దామనుకుంటున్నాను. ఆయన్ని అడగాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పకుండా అడగాలి, అదీ రాతపూర్వకంగా. అభ్యర్థి అనుమతి కాగితం లేకుండా ఆయన గెలుపు కోసం ఇతరులు ఖర్చు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ కింద నేరం, పది వేల దాకా జరిమానా. పది రూపాయల లోపు ఖర్చైతే పది రోజుల్లో ఆమోదం తెచ్చుకోవచ్చని ఓ వెసులుబాటు ఉంది. పది రూపాయలకు ఇప్పుడు ఎన్ని కరపత్రాలు వస్తాయో ఏ ప్రెస్సు వారినైనా అడగండి! అనుమతి ఇస్తే ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి వెళుతుంది.

కరపత్రం మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా రెండూ ఉండి తీరాలి. ప్రచురించేవారు సంతకం చేసి, తనను ఎరిగిన ఇద్దరిచేత ధ్రువీకరించిన డిక్లరేషన్‌ను రెండు ప్రతులు ప్రెస్సుకు ఇవ్వాలి. ప్రెస్సువారు ఒక ప్రతిని, కరపత్రంతో కలిపి, మీ హైదరాబాద్‌లాంటి రాష్ట్ర రాజధానిలో అచ్చువేస్తే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి, మిగతా చోట్లయితే జిల్లా మేజిస్ట్రేటుకు పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇదేమీ అడగకుండా రాత్రికి రాత్రి కొట్టిస్తానన్న ప్రెస్సు జోలికి పోకండి.

ఫేస్‌బుక్‌లో డబ్బు కట్టి ఇచ్చే ప్రకటనకు, టీవీ ప్రకటనకు, బల్క్ ఎస్ఎంఎస్‌లకు ముందుగా మీడియా సర్టిఫికేషన్ కమిటీ ధ్రువీకరణ తీసుకోవాలి. పోటీలో ఉన్న అభ్యర్థి అయితే మూడు రోజుల ముందు దరఖాస్తు చేస్తే చాలు, బయటివారికి ఏడు రోజులు. పైగా బయటివారు ఇది ఏ అభ్యర్థి మేలు కోసమూ కాదని ప్రమాణపూర్వకంగా చెప్పాలి, మీరేమో మేలు కోసమే ఇస్తున్నారు! కాబట్టి అభ్యర్థి ద్వారానే ఇప్పించండి. మీ సొంత ఖాతాలో మీ అభిప్రాయం రాసుకోవడానికి మాత్రం ఎవరి ధ్రువీకరణా అక్కర్లేదు.

ప్రశ్న: ఏ గుర్తు అడిగితే మంచిది?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: నామినేషన్ పత్రంలో ఫ్రీ సింబల్స్ జాబితా నుంచి మూడు గుర్తులు వరసలో రాయాలి. జాబితాలో లేనిది రాస్తే వృథా. రిజిస్టరై గుర్తింపు లేని పార్టీలవారికి మీకన్నా ముందు అవకాశం ఉంటుంది, ఆ తరువాత ఇద్దరు ఇండిపెండెంట్లు ఒకటే కోరితే లాటరీ తీస్తారు. గుర్తు చేతికొచ్చేది నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే. 2024లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ గడువు ఏప్రిల్ 29, పోలింగ్ మే 13. అంటే ఇండిపెండెంటు తన గుర్తును జనానికి చెప్పుకోవడానికి దొరికింది రెండు వారాలు, అందులో చివరి 48 గంటలు ప్రచారం బంద్. అందుకే ఆ రెండు వారాల్లో నోటితో చెప్పగానే కళ్ల ముందు మెదిలే వస్తువు, చేత్తో పట్టుకుని చూపించగలిగే వస్తువు అయితే మేలు. నలుపు తెలుపులో, బొటనవేలంత సైజులో అది ఎలా కనిపిస్తుందో ఒకసారి ప్రింటు తీసి చూడండి. పేరు చాలామందికి తెలిసినవే అయినా గీతల్లో పోల్చుకోలేని గుర్తులు జాబితాలో బోలెడు.

పెద్ద పార్టీ గుర్తును పోలినది అడిగితే నాలుగు ఓట్లు పొరపాటున పడతాయని సలహా ఇచ్చేవాళ్లుంటారు. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో టీఆర్ఎస్ 5,219 ఓట్ల తేడాతో ఓడిపోగా, రోడ్డు రోలర్ గుర్తుకు 27 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. తమ కారు గుర్తును పోలిన ఇలాంటి గుర్తుల వల్ల నష్టపోయామని టీఆర్ఎస్ ఏళ్ల తరబడి ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసింది. 2024లో జనసేన పోటీ చెయ్యని చోట్ల ఆ పార్టీ గుర్తు గాజు గ్లాసు ఇండిపెండెంట్లకు దక్కడంపై టీడీపీ–జనసేన–బీజేపీ కూటమి హైకోర్టుకు వెళ్లింది. అలాంటి ఓటు మీ అభ్యర్థికి పడిన ఓటు కాదు. దాంతో వచ్చేది ఎవరో పెట్టిన డమ్మీ అన్న ముద్ర మాత్రమే, ఆ ముద్ర తరువాతి ఎన్నికలకూ పోదు.

బ్యాలెట్ మీద ముందు గుర్తింపు పొందిన పార్టీలవారు, తరువాత రిజిస్టరైన పార్టీలవారు, చివర ఇండిపెండెంట్లు, ఎవరిలో వారికి అక్షరక్రమం. ఒక బ్యాలెట్ యూనిట్‌లో నోటాతో కలిపి పదహారు గడులే ఉంటాయి, అభ్యర్థులు ఎక్కువైతే మీ వారు రెండో యూనిట్‌లో పడతారు. ‘రెండో మిషన్‌లో, పైనుంచి నాలుగోది’ అని చెప్పడం గుర్తు చెప్పడమంత ముఖ్యం. మరో మాట: జనం ఆయన్ని పిలిచే పేరు ఒకటి, రికార్డుల్లో పేరు మరొకటి అయితే, పోటీదారుల జాబితా తయారుకాక ముందే వాడుక పేరు వెయ్యమని రాతపూర్వకంగా కోరవచ్చు.

ప్రశ్న: పోలింగ్ రోజున మాలాంటివాళ్లం ఏం చెయ్యగలం?
– నలుగురు మిత్రులు, అనంతపురం

జవాబు: బూత్‌లో కూర్చోండి. ఇండిపెండెంట్లకు అన్నిటికన్నా కొరతగా ఉండేది ఇదే. ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో రెండు వందల యాభై, మూడు వందల దాకా పోలింగ్ కేంద్రాలుంటాయి. ప్రతిచోటా ఒక ఏజెంటును, అతను లేచినప్పుడు కూర్చోవడానికి మరో ఇద్దరిని పెట్టుకోవచ్చు, లోపల మాత్రం ఒక్కసారికి ఒక్కరే. 2023లో కొల్లాపూర్‌లో ఇండిపెండెంటుగా నిలబడ్డ బర్రెలక్క గురించి రెండు రాష్ట్రాలూ మాట్లాడుకున్నాయి, బయటి ఊళ్ల నుంచి మద్దతుదారులు వచ్చారు. లెక్కపెట్టాక వచ్చిన ఓట్లు 5,754. ఫోన్లో చూసి మెచ్చుకునేవారి ఓట్లు ఆ నియోజకవర్గంలో ఉండవు, వాళ్లు పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందే ఊరు విడిచి వెళ్లిపోవాలి కూడా. మిగిలేది అక్కడి ఓటర్లే, అక్కడి ఏజెంట్లే.

ఏజెంటు అదే పోలింగ్ కేంద్రం ఓటరో పక్క కేంద్రం ఓటరో అయి ఉండాలి. దొరక్కపోతే అదే నియోజకవర్గంలోని మరో ఓటరును పెట్టవచ్చు. ఏజెంటును నియమించే ఫారం 10 మీద అభ్యర్థి లేదా ఎలక్షన్ ఏజెంటు సంతకం ఉండాలి. ఆ సంతకం నమూనా ముందే రిటర్నింగ్ అధికారికి ఇచ్చి ఉండాలి, లేకపోతే పొద్దున్నే ప్రిసైడింగ్ అధికారి సంతకం సరిపోలలేదని లోపలికి రానివ్వరు. మూడు వందల ఫారాల మీద ఒక్క రాత్రిలో సంతకాలు పెడితే చివరి యాభై వేరే మనిషివిలా ఉంటాయి. వారం ముందు మొదలుపెట్టండి.

పోలింగ్ ఏడింటికైతే మాక్ పోల్ ఐదున్నరకు. కనీసం యాభై ఓట్లు వేసి చూపిస్తారు. అభ్యర్థులందరికీ, నోటాకు కూడా, ఓట్లు పడుతున్నాయో లేదో చూసి, తరువాత ఆ ఓట్లు క్లియర్ చేశారో లేదో, వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో స్లిప్పు చూపే యంత్రం) పెట్టెలోంచి మాక్ పోల్ స్లిప్పులు తీసేశారో లేదో చూడాలి. యంత్రాల నంబర్లు మీ దగ్గరున్న జాబితాతో పోల్చుకోవాలి. సాయంత్రం ఫారం 17సీ ప్రతి తీసుకోకుండా కదలొద్దు. ఆ బూత్‌లో నమోదైన ఓట్లెన్నో అందులో ఉంటుంది. లెక్కింపు రోజున కంట్రోల్ యూనిట్ చూపే మొత్తాన్ని పోల్చుకోవడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. కూర్చోబెట్టే వరసలో ఇండిపెండెంటు ఏజెంటు చివరివాడు. గది ఇరుకైతే ఓటరు ముఖం కనిపించని మూల దొరుకుతుంది. పోట్లాడకుండా, కనిపించే చోటుకు జరపమని మర్యాదగా ప్రిసైడింగ్ అధికారిని అడగండి. సెల్‌ఫోన్ ఇంట్లో వదిలి, టిఫిన్, మంచినీళ్ల సీసా, పెన్ను, జాబితా కాగితాలు తీసుకెళ్లండి. అవతలి పార్టీవారు పెట్టే భోజనం మీద ఆధారపడ్డ ఏజెంటు మధ్యాహ్నం తరువాత నోరెత్తడు.

అన్ని బూత్‌లకూ మనుషులు దొరకరు. దొరికినవారిని నియోజకవర్గమంతా తలాఒకచోట చల్లితే ఎవరికీ అండ ఉండదు. అభ్యర్థికి నిజంగా బలమున్న నలభై యాభై బూత్‌లు ఎంచుకుని అక్కడ ముగ్గురేసి చొప్పున పెట్టండి. లెక్కింపుకు సాధారణంగా పద్నాలుగు టేబుళ్లు, రిటర్నింగ్ అధికారి టేబులు ఒకటి ఉంటాయి. అక్కడా అంతే, అన్నిటికీ లేకపోతే మీ బూత్‌ల యంత్రాలు ఏ రౌండ్లో ఏ టేబుల్ మీదికొస్తాయో ముందే రాసుకుని అక్కడ నిలబడండి.

ప్రశ్న: ఎలాగూ డిపాజిట్ పోతుంది. మరి ఈ శ్రమంతా దేనికి?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఈ ప్రశ్న మీ ఊరి నుంచి రావడం విచిత్రం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ తిరిగొస్తుంది. నోటా ఓట్లు ఆ లెక్కలోకి రావు. చెల్లిన ఓట్లు రెండు లక్షలైతే 33,334 రావాలి. చాలామంది ఇండిపెండెంట్లకు రావు.

కానీ 2019లో మీ లోక్‌సభ స్థానంలో 185 మంది పోటీ చేస్తే అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. వాళ్లు గెలవడానికి నిలబడలేదు. ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సొచ్చింది. దేశమంతా పసుపు ధర గురించి, బోర్డు గురించి అడిగింది, సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు. జాతీయ పసుపు బోర్డును కేంద్రం 2023లో నోటిఫై చేసింది, నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరిలో అది మొదలైంది. అంతకు ముందు 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ చెప్పుకోవడానికి జనం నిలబడితే మొత్తం అభ్యర్థులు 480 మంది అయ్యారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయ్యింది. అప్పుడు లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలు. ఆ ఏడాదే చట్టం మార్చి డిపాజిట్ పెంచారు, ఇండిపెండెంటుకు పదిమంది ప్రతిపాదకులు కావాలన్న నిబంధన తెచ్చారు. ఇప్పుడు తెనాలి పాఠకుడు పడబోయే శ్రమకు మూలం ఒక రకంగా ఆ నల్లగొండ ఎన్నికే.

గెలిచినవారూ లేకపోలేదు. విశాఖపట్నం 1952లో లంకా సుందరాన్ని, 1967లో తెన్నేటి విశ్వనాథాన్ని ఇండిపెండెంట్లుగానే లోక్‌సభకు పంపింది. 2024లో దేశం మొత్తం మీద ఏడుగురు గెలిచారు. ఆ ఏడుగురిలో చాలామందికి ముందే సొంత బలగమో కుటుంబ రాజకీయ నేపథ్యమో ఉంది, ఆ సంగతి దాచి ఆశలు పెట్టడం మాకిష్టం లేదు.

ప్రశ్న: గెలిచాక అధికార పార్టీలో చేరితే మేం పడ్డ కష్టం ఏమవుతుంది?
– ఒక పాఠకురాలు, వైరా

జవాబు: ఇండిపెండెంటుగా గెలిచినవారు ఆ తరువాత ఏ పార్టీలో చేరినా రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) ప్రకారం అనర్హులవుతారు. ఈ విషయంలో పార్టీ ఎమ్మెల్యేలకన్నా వీళ్లకే నిబంధన కఠినం, విలీనం అన్న దారి కూడా లేదు. ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తే తప్పు లేదు. అయితే చేరారా, మద్దతే ఇచ్చారా అన్నది తేల్చాల్సింది స్పీకరు, అదీ ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తే. 2018లో తెలంగాణ అసెంబ్లీకి గెలిచిన ఒకే ఒక్క ఇండిపెండెంటు మీ వైరా ఎమ్మెల్యేనే, ఆయన కొద్దిరోజులకే అధికార పార్టీ వైపు వెళ్లిన సంగతి మీకు మేం చెప్పక్కర్లేదు. అభ్యర్థి చేత హామీపత్రం రాయించుకున్నా కోర్టులో నిలబడదు. మీ ఊళ్లో పదిమంది ముందు చదివించడానికి పనికొస్తుంది, అంతే.

ప్రశ్న: పార్టీల జోరు తక్కువగా ఉండే ఎన్నికలు ఏవైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: గ్రామ పంచాయతీ ఎన్నికలు చట్టప్రకారం పార్టీలకు అతీతమైనవే, మన రెండు రాష్ట్రాల్లోనూ. ఆచరణలో ఎవరు ఎవరి మనిషో ఊరంతటికీ తెలుసు.

పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానాలు ఇంకాస్త నయం. అక్కడ బ్యాలెట్ పత్రం మీద గుర్తులే ఉండవు. మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ పట్టభద్రుల స్థానం నుంచి ప్రొఫెసర్ కె. నాగేశ్వర్ 2007లో, 2009లో ఇండిపెండెంటుగా గెలిచారు. ఇక్కడ మద్దతంటే ప్రధానంగా ఓటర్ల నమోదు. ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా తయారవుతుంది, పోయినసారి ఓటు వేశాను కదా అనుకున్నవారి పేరు ఈసారి ఉండదు. ఫారం 18 మళ్లీ ఇవ్వాలి. అర్హత తేదీ అయిన నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండాలి. పోలింగ్‌లో అధికారులిచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే అభ్యర్థి పేరు ఎదుట ప్రాధాన్య క్రమం చూపే అంకె వెయ్యాలి. టిక్కు పెట్టినా, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా, సొంత పెన్ను వాడినా ఓటు చెల్లదు. డిగ్రీలున్నవారి ఎన్నికలోనే చెల్లని ఓట్లు వేలల్లో తేలుతుంటాయి, కాబట్టి నమూనా బ్యాలెట్ పట్టుకుని ఇంటింటికీ తిరగడానికి సిగ్గుపడకండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. సెలవు పెట్టి మా ఇండిపెండెంటుకు ఏజెంటుగా కూర్చోవచ్చా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: కూర్చోకూడదు. ప్రభుత్వోద్యోగి ఎలక్షన్ ఏజెంటుగా, పోలింగ్ ఏజెంటుగా, కౌంటింగ్ ఏజెంటుగా పనిచేస్తే మూడు నెలల దాకా జైలు శిక్ష పడే నేరం, సెలవులో ఉన్నా అంతే. ప్రచారం కూడా సర్వీసు నిబంధనలకు విరుద్ధం. ప్రతిపాదకుడిగా సంతకం పెట్టడమూ మానుకోండి. ఎన్నికల విధుల్లో పడితే పోస్టల్ బ్యాలెట్ కోసం ఫారం 12 సమయానికి ఇచ్చుకోండి, మీ అభ్యర్థికి మీరు చెయ్యగలిగిన సాయం ఆ ఓటే.